దివిసీమ ఉప్పెన తర్వాత: మా పెద్దమ్మ నోటుపుస్తకంలో ‘తలుపులు’ అంటే ఏమిటి?

పాతపెట్టె

సభ్యులందరికీ నమస్కారం. మాది గుంటూరు వైపు కతోలిక కుటుంబం. మా అమ్మకు అక్క, అంటే మా పెద్దమ్మ, ఇరవై ఏళ్ళు దాటకుండానే కాన్వెంటులో చేరి సిస్టరు అయ్యారు. నర్సు చదువు చదివారు. 1977 నవంబర్ 19 ఉప్పెన తర్వాత ఆమెను దివిసీమకు పంపారు. 1978 సంక్రాంతి ముందు వెళ్ళి 1981 దాకా అక్కడే ఉన్నారు. పోయిన నెలలో కన్నుమూశారు. ఆమెకంటూ మిగిలినవి ఒక జపమాల, రెండు చీరలు, ఒక రేకు పెట్టె. ఆ పెట్టెలో ఈ నోటుపుస్తకం దొరికింది.

దీన్ని దినచర్య అనలేము. కష్టసుఖాలు, ప్రార్థనలు ఏవీ లేవు. అంతా లెక్కలే. ‘సూదులు 12, క్లోరిన్ బిళ్ళలు అయిపోయాయి, బకెట్లు 3 (ఒకటి చిల్లు), కాన్పు 1, ఆడపిల్ల.’ ఇలా పేజీల కొద్దీ ఉంది. మూడేళ్ళు సముద్రం పక్కన ఉండి సముద్రం అన్న మాట ఒక్కసారి కూడా రాయలేదు.

అయితే 1979 ఫిబ్రవరి నుంచి ప్రతి బుధవారం పేజీలో అడుగున ఒక మాట కనిపిస్తోంది. ‘తలుపులు 4.’ తర్వాతి వారం ‘తలుపులు 6.’ ఆ పైన 9, 9, 13. ఈ తలుపులు ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అమ్మను అడిగితే, “అక్క ఏది చెప్పింది గనుక అది చెబుతుంది?” అన్నది.

దివిసీమ వారు గానీ, ఆ రోజుల్లో సహాయ పనులకు వెళ్ళినవారు గానీ ఎవరైనా ఉంటే చెప్పండి. తలుపుల సంగతే కాదు, అక్కడ వాళ్ళు ఎలా బతికారో, ఏం చేశారో తెలిసినంత రాయండి.

కరకట్ట

నాగాయలంక దగ్గర పుట్టినవాడిని, బడిపంతులుగా చేసి దిగిపోయాను. ఉప్పెన నాటికి నాకు పదమూడేళ్ళు.

తెలియనివారి కోసం ముందు దివిసీమ గురించి చెబుతాను. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ రెండు పాయల నడుమ, కింద సముద్రం దాకా ఉన్న నేలే మా దివి. దీవి అన్న మాటే దివి అయిందని పెద్దలు చెబుతారు. మూడు వైపులా నీళ్ళు. తూర్పు ఒడ్డుకు దారి పులిగడ్డ అక్విడక్టు ఒక్కటే, అదీ కాలువ నీళ్ళ కోసం కట్టింది. పెనుమూడి వారధి చాలా తర్వాతి మాట.

ఆ శనివారం పొద్దుటి నుంచే గాలి. వారం ముందే నాగపట్నం దగ్గర ఒక తుఫాను దాటింది, ఇది కూడా అటే పోతుందిలే అనుకున్నారు పెద్దవాళ్ళు. వరి కోతకు వచ్చి ఉంది. ఎగువ నుంచి కూలీలు కుటుంబాలతో దిగి, చేల గట్ల మీదే గుడిసెలు వేసుకున్నారు. అధికారుల లెక్కలో చనిపోయినవారు పదివేల దగ్గర ఉన్నారు. మా ఊళ్ళో ఎవరూ ఆ లెక్కను నమ్మరు. ఎందుకంటే ఆ కూలీల పేర్లు ఇక్కడి ఏ రేషను కార్డులోనూ లేవు, వాళ్ళ కోసం అడగడానికి వచ్చినవాళ్ళూ తక్కువ.

నీళ్ళు పెరుగుతూ రాలేదు. గోడలాగా వచ్చాయి. అయిదు మీటర్ల అల అని తర్వాత పుస్తకాల్లో చదివాను. మేము బతికింది తుమ్మచెట్టు పట్టుకుని. తాటిచెట్టును కౌగిలించుకున్నవాళ్ళు జారిపోయారు, తుమ్మ ముళ్ళు గుచ్చుకున్నవాళ్ళు నిలిచారు. నా ఎడమ చేతి మీద ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి. సొర్లగొంది లాంటి ఊళ్ళలో తెల్లవారేసరికి పలకరించడానికి మనిషి దొరకలేదు.

సిస్టరమ్మలు నాకు బాగా గుర్తు. మొదటి వారాల్లో వచ్చిన వాళ్ళు చాలామంది. సైన్యం, కాలేజీ కుర్రాళ్ళు, సంఘం వాళ్ళు, రామకృష్ణ మిషన్ స్వాములు, పాదిరీలు, సినిమావాళ్ళు, అందరూ వచ్చారు. మదర్ థెరిసా కూడా వచ్చి వెళ్ళారు. శవాలు తీసినవాళ్ళకు మేము ఈ జన్మలో రుణం తీర్చుకోలేము. కానీ ఆరు నెలలు తిరిగేసరికి ఎంతమంది మిగిలారని చూస్తే వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మీ పెద్దమ్మగారు ఆ వేళ్ళలో ఒకరు అయి ఉంటారు.

తలుపుల సంగతి మాత్రం నాకు తెలియదు.

సూటిగా

ఎవరూ నొచ్చుకోవద్దు, అడగాల్సిన మాట అడుగుతున్నాను. ‘తలుపులు 4, తలుపులు 6’ అంటే ఇంటింటికీ వెళ్ళి ప్రచారం చేసిన లెక్క కాదూ? ఎన్ని గుమ్మాలు తొక్కామో పైవాళ్ళకు నివేదిక పంపాలి కదా. విపత్తు వచ్చిన చోటికి బియ్యం మూటతో పాటు ఇంకేదో కూడా వస్తుందన్నది దేశంలో ఎప్పటి నుంచో ఉన్న ఆరోపణ. పెద్దమ్మగారి సేవను తక్కువ చేయడం లేదు. కానీ మిషనరీ అన్న మాటకు అర్థమే అది కదా.

ఉపదేశి గారి అబ్బాయి

సూటిగా గారూ, మీ ప్రశ్న తప్పని అనను. ఆ ప్రశ్న వింటూనే పెరిగాను.

మా నాన్న ఉపదేశి. అంటే ఫాదరుకూ ఊరికీ మధ్య మనిషి. ఫాదరు నెలకు ఒకసారి వస్తారు. మిగిలిన ఇరవై తొమ్మిది రోజులూ ప్రార్థన చెప్పించేదీ, చావుకు ముందు నిలబడేదీ, తహసీలు కచేరీకి అర్జీ రాసిపెట్టేదీ ఉపదేశే. మిషనరీ జీవితం అనగానే తెల్ల అంగీ, సైకిలు మోటారు గుర్తొస్తాయి గానీ, ఆ బండి బురదలో దిగబడితే తోసేది మా నాన్న లాంటివాళ్ళు.

ఇక మతం మారితే లాభం అన్న మాట. కాగితం మీద ఉన్నది చెబుతాను. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్ళది బీసీ-సి, ఒక్క శాతం రిజర్వేషన్. ఉప్పెన తర్వాత స్థలాల పట్టాల కోసం వరుసలో నిలబడినప్పుడు, “మీరు ఏ పేరు రాయించుకుంటారు?” అని గుమాస్తా అడిగితే మా వీధిలో సగం మంది తలలు దించుకున్నారు. బాప్తిస్మం పేరు ఒకటి, కచేరీ పేరు ఒకటి. మా అక్కకు ఇప్పటికీ రెండు పేర్లు.

ఒత్తిడి చేసినవాళ్ళు లేరని చెప్పను. ఒక బృందం వచ్చి, పాట పాడితేనే దుప్పటి అన్నట్టు ప్రవర్తించింది. వాళ్ళను పొలిమేర దాకా నడిపించి పంపింది మా నాన్నే. “చలికి వణికేవాడి చేత పాడించే పాట దేవుడు వినడు” అన్నాడు. నాన్న అన్న మాటల్లో నాకు గుర్తున్నది అదొక్కటే. మిగతావన్నీ తిట్లు.

ఇంటింటి ప్రచారం లెక్క అయితే ‘గృహ సందర్శనం’ అని రాస్తారు. తలుపులు అని రాయడం నేనెప్పుడూ వినలేదు.

ఇటుకరాయి

ప్రభుత్వంలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో తుఫాను ఇళ్ళ పని మీద దివిసీమలో ఏడాదిన్నర ఉన్నాను. నా ఊహ చాలా సాదా. తలుపులంటే తలుపులే. గోడలూ, శ్లాబూ ముందు అయిపోయేవి. చెక్క మాత్రం ఎప్పుడూ ఆలస్యమే. ఇళ్ళు అప్పగించినా తలుపు చట్రాలు ఖాళీగా ఉండేవి. వారానికి ఎన్ని బిగించారో సిస్టరుగారు రాసుకుని ఉంటారు. నాలుగు, ఆరు, తొమ్మిది. మా వడ్రంగుల వేగం సరిగ్గా అంతే!

సందర్భం వచ్చింది కాబట్టి ఆ ఇళ్ళ గురించి మనసులో ఉన్నది చెప్పేస్తాను. పాత ఇల్లు మట్టిగోడ, తాటాకు కప్పు. ఉప్పెనకు ఆనవాలు మిగలలేదు. కాబట్టి కాంక్రీటు కట్టాలన్నారు, ఎవరూ కాదనలేదు. ఒక గది, ముందు చిన్న వరండా, మీద చదును శ్లాబు. బారకాసుల్లా వరుసలు గీశాం. కాగితం మీద ఎంత ముద్దుగా ఉందో!

గృహప్రవేశం అయిన మూడో నెలలో వెళ్ళి చూస్తే ప్రతి ఇంటి పక్కనా ఒక తాటాకు పాక లేచింది. మనుషులు పాకలో ఉన్నారు, వలలు కాంక్రీటు ఇంట్లో ఉన్నాయి. మే నెలలో ఆ శ్లాబు కింద పడుకోవడమంటే పెనం కింద పడుకోవడమే. పొయ్యి పెట్టుకోవడానికి చోటు లేదు. వల ఆరేసుకోవడానికి, చేపలు ఎండబెట్టుకోవడానికి ముంగిలి లేదు. పల్లెకారుల ఇంటికి ముంగిలే అసలు గది అన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఇంకో పాపం కూడా ఉంది. మంచినీళ్ళు తాగడానికే దొరకని చోట కాంక్రీటు కలపడానికి ఎక్కడి నుంచి తెస్తాం? కొన్ని చోట్ల ఉప్పునీళ్ళే పోశారు, తీరం ఇసుకే కలిపారు. ఉప్పు లోపలి ఇనుపచువ్వను తింటుంది, చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైనున్న పెచ్చు ఊడుతుంది. పదేళ్ళు కాకముందే కొన్ని శ్లాబుల్లో చువ్వలు పక్కటెముకల్లా కనిపించాయి. ఆ బిల్లుల మీద నా సంతకం కూడా ఉంది.

ఈ విషయంలో బెల్జియం నుంచి వచ్చిన జెసూట్ ఫాదరు మైకేల్ విండీ గారిని తలచుకోవాలి. 1969లో కోస్తాను తుఫాను కొట్టినప్పుడు గుంటూరు కేంద్రంగా ఊళ్ళు మళ్ళీ కట్టే పని మొదలుపెట్టారు. విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్ ఆయనదే. 2009లో పోయారు. ఇల్లు కాదు, ఊరు కట్టాలన్నది ఆయన పద్ధతి. ఇళ్ళ నడుమ అందరికీ కలిపి ఖాళీ స్థలం, కట్టే పనిలో ఆ ఊరివాళ్ళ చేతులు. మా ఆఫీసులో అప్పట్లో నవ్వుకునేవాళ్ళం, పాదిరీలకేం తెలుసు ఇంజినీరింగు అని.

చుక్కాని

మాది ఎదురుమొండి. దీవిలో దీవి. పంటు ఎక్కితే గానీ మాకు ప్రపంచం లేదు. నేను ఉప్పెనకు చాలా తర్వాత పుట్టాను. మాకు తెలిసిన తుఫాను షెల్టరు అంటే ఎత్తయిన స్తంభాల మీద నిలబడ్డ కట్టడం, కింద అంతా ఖాళీ. నీళ్ళు వస్తే కింద నుంచి పోవాలని అలా కట్టారట. మాకు మాత్రం అది గోళీలు ఆడుకునే చోటు. పైన బడి, ఆదివారం ప్రార్థన, పెళ్ళిళ్ళ కాలంలో విడిది. చర్చిల సహాయ సంస్థ కాసా కట్టించినవి కోస్తా పొడుగునా ఉన్నాయని తాత చెప్పేవాడు.

ఇటుకరాయి గారూ, మీ ఒప్పుకోలు చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా మేనత్త ఇల్లు ఆ రకమే. వర్షం వస్తే లోపల గొడుగు వేసుకుంటుంది.

ఇటుకరాయి

చుక్కాని బాబూ, మీ మేనత్తగారికి నా క్షమాపణ చెప్పు.

బందరు పాతకథలు

కాస్త వెనక్కి వెళ్తాను. ఈ తీరంలో మిషనరీలకూ ఉప్పెనలకూ సంబంధం 1977తో మొదలు కాలేదు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ అన్న ఇద్దరు ఇంగ్లీషు మిషనరీలు 1841లో బందరులో దిగారు. నోబుల్ పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ. 1864 నవంబర్ 1 రాత్రి బందరును ఉప్పెన ముంచింది. దాదాపు ముప్పై వేల మంది పోయారని అప్పటి లెక్క. మిషన్ వసతిలో ఉన్న ఆడపిల్లలు కూడా పలువురు కొట్టుకుపోయారు. నోబుల్ ఆ రాత్రి బతికారు గానీ, ఏడాది తిరగకుండానే 1865 అక్టోబరులో బందరులోనే చనిపోయారు. పెళ్ళి చేసుకోలేదు, వచ్చినవాడు తిరిగి ఇంగ్లండు వెళ్ళనూ లేదు.

ఆ కాలపు మిషనరీల ఉత్తరాల్లో దైవచిత్తం గురించి పేజీల కొద్దీ ఉంటుంది. పాతపెట్టె గారి పెద్దమ్మ పుస్తకంలో చిల్లు బకెట్టు ఉంది. చరిత్ర రాసేవాడిగా నాకు ఈ రెండో పుస్తకమే ఎక్కువ విలువైనది.

నిర్వాహకుడు

మత చర్చ పక్కదారి పట్టకుండా మాట్లాడుకుంటున్నందుకు ధన్యవాదాలు. ఊరి పేరు, వ్యక్తుల పేర్లు ఇక్కడ రాయవద్దని మనవి. బతికి ఉన్నవారు ఇబ్బంది పడతారు.

పాతపెట్టె

ఇన్ని జవాబులు ఊహించలేదు. అందరికీ కృతజ్ఞతలు. ఇటుకరాయి గారి ఊహ సరైనదేనని నిన్న అనుకుని, అంకెలన్నీ వరుసగా ఒక కాగితం మీద రాసి చూశాను. అప్పుడే తిరకాసు తెలిసింది.

ఏప్రిల్ చివరికి ‘తలుపులు 31’ దాకా వెళ్ళింది. మే 9న ‘2’. మే 16న ‘0’. ఆ తర్వాత నెలంతా సున్నాలే. జూన్ మూడో వారంలో మళ్ళీ ‘3’ నుంచి మొదలు. బిగించిన తలుపులు సున్నా ఎలా అవుతాయి? ఎవరైనా ఊడదీసుకుపోయారా?

ఇంకో వింత. మొదట్లో అంకె పక్కన గీత గీసి 62 అని రాసేవారు. 4/62, 6/62. ఇళ్ళు 62 అని పుస్తకం మొదట్లోనే ఉంది. 1979 దీపావళి తర్వాత ఆ 62 కాస్తా 61 అయింది. చివరి పేజీలో ‘తలుపులు 61/61’. ఆ పక్కన ఏమీ రాయలేదు గానీ పెన్నుతో రెండుసార్లు గీత కొట్టారు. ఆ పుస్తకం మొత్తంలో గీత కొట్టింది అక్కడే.

సూటిగా

సున్నా అంటే నా ఊహ కూడా పోయినట్టే. ప్రచారం లెక్క నెల పాటు సున్నా ఉంటే పైవాళ్ళు ఊరుకోరు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఒక్క మాటే సుమా.

బందరు పాతకథలు

మే 1979! ఆ నెల 12న, శనివారం, ఒంగోలుకు దక్షిణంగా పెద్ద తుఫాను తీరం దాటింది. వందల మంది చనిపోయారు. మే 9 బుధవారం నాటికి రేడియోలో హెచ్చరికలు మొదలై ఉంటాయి. మీ అంకెలు సరిగ్గా అక్కడే పడిపోయాయి. తలుపులకూ గాలికీ ఏదో సంబంధం ఉంది. ఇంతకు మించి నాకు తోచడం లేదు.

కరకట్ట

ఒళ్ళు గగుర్పొడిచింది. ఆ మే నెల నాకు గుర్తుంది. రేడియోలో వాయుగుండం అన్న మాట వినబడగానే మా అమ్మ బియ్యం డబ్బా, నన్నూ, తమ్ముణ్ణీ తీసుకుని కరకట్ట మీదికి నడిచింది. అప్పటికి ఎండ కాస్తోంది. ఊరంతా అప్పటికే కట్ట మీద ఉంది. ఎవరూ ఎవరినీ పిలవలేదు. 1990 మేలో మా కృష్ణ ముఖద్వారం దగ్గరే తుఫాను దాటినప్పుడు తీరం నుంచి లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. అప్పుడు చనిపోయినవారు తొమ్మిది వందల అరవై ఏడు మంది. 1977తో పోల్చి ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారు, మెచ్చుకోవాల్సిందే. కానీ మా వైపు జనం లేవమనకముందే లేచారు, ఆ సంగతి కూడా రాయాలి.

సిస్టరమ్మల రోజులు ఎలా గడిచేవో పాతపెట్టె గారు అడిగారు కదా, ముఖ్యంగా నీళ్ళతో గడిచేవి. దివిలో నేల తవ్వితే ఉప్పునీరే. కాలువ నీళ్ళు నింపుకున్న చెరువే మాకు తాగునీరు. ఉప్పెనకు చెరువుల నిండా ఉప్పు, పశువుల కళేబరాలు. చెరువు తోడిపోయడం, బ్లీచింగు చల్లడం, మళ్ళీ నింపడం, మళ్ళీ తోడిపోయడం. నీళ్ళు ఉప్పు పోయి తియ్యనయ్యాయో లేదో నాలుక మీద వేసి చూసేది సిస్టరమ్మే. ముఖం చిట్లించిందంటే మరో వారం ఆగాలి. పిల్లలం వరుసగా నిలబడి ఆ ముఖం కోసం ఎదురుచూసేవాళ్ళం.

పొలాలదీ అదే కథ. తెల్లగా ఉప్పు పేరింది. మంచినీళ్ళు నిలగట్టి, ఉప్పు కడిగి బయటికి వదలాలి. మాకు చేతనైంది అదే. ఒక ఫాదరుగారు చెప్పులు విడిచి మడిలో దిగి, మట్టి నోట్లో వేసుకుని చూసి ఉమ్మేశారు. మా నాన్న ఇంటికొచ్చి, “ఈయన రైతుబిడ్డే” అన్నాడు. ఆయన ప్రసంగం గురించి మా నాన్న ఎప్పుడూ ఏమీ అనలేదు.

ఇంకొకటి. ఆ రెండేళ్ళలో పెళ్ళిళ్ళు చాలా జరిగాయి. భార్య పోయిన మగవాడు, భర్త పోయిన ఆడమనిషి, ఇద్దరి వైపూ మిగిలిన పిల్లలు. కన్నీళ్ళు ఆరకముందే పెళ్ళేమిటని పైఊళ్ళ వాళ్ళు ఈసడించారు. వంట చేసేవాళ్ళు లేని ఇంట్లో ముగ్గురు పిల్లలు ఉంటే తెలుస్తుంది. అలాంటి పెళ్ళిళ్ళకు పసుపు కొమ్ములు, తాళి తీగ తెచ్చిపెట్టిన సిస్టరమ్మ ఒకరు ఉండేవారు. గుళ్ళో కట్టుకున్నవాళ్ళకూ తెచ్చారు, చర్చిలో కట్టుకున్నవాళ్ళకూ తెచ్చారు. మీ పెద్దమ్మగారేనేమో, చెప్పలేను.

పాతపెట్టె

‘పసుపు కొమ్ములు 2 జతలు’ అని నాలుగు చోట్ల ఉంది మాష్టారూ. వంటకేమో అనుకున్నాను.

నీలవేణి

ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. నాకు టైపు చేయడం రాదు, నేను చెబుతుంటే వాడు రాస్తున్నాడు. తప్పులుంటే మన్నించండి.

తలుపుల సంగతి నాకు తెలుసు. ఆ 62 ఇళ్ళలో ఒకటి మాది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు.

ఉప్పెన రాత్రి గాలికి తాళలేక అందరూ తలుపులు వేసుకుని గడియ పెట్టుకున్నారు. ఇంట్లో ఉంటే గాలి నుంచి కాపాడుకోవచ్చని. నీళ్ళు వచ్చాక ఆ తలుపులు తీయడానికి రాలేదు. బయటి నుంచి నీళ్ళు నెట్టేస్తే గడియ బిగుసుకుపోతుంది, లోపలి మనిషి ఎంత లాగినా రాదు. కప్పు చీల్చుకుని పైకి వచ్చినవాళ్ళు బతికారు. మా చిన్నాన్న పిల్లలు ఇద్దరూ తలుపు వెనకే ఉండిపోయారు. మా నాయనమ్మ బయట ఉంది. గడియ తీయండిరా అని అరుస్తూనే ఉందట.

కొత్త ఇళ్ళు ఇచ్చారు. ఇంజినీరు బాబుగారికి చెబుతున్నాను, మా ఇళ్ళకు తలుపులు మొదటి రోజునే ఉన్నాయి, మంచివే. కానీ రాత్రిపూట ఎవరూ వెయ్యలేదు. చాలామంది లోపల పడుకోనే లేదు. వరండాలో, కట్ట మీద, షెల్టరు మెట్ల మీద పడుకున్నారు. లోపల పడుకున్నవాళ్ళు కూడా తలుపు బార్లా తీసి, ఊగకుండా రాయి అడ్డం పెట్టుకునేవాళ్ళు. కుక్కలు వచ్చేవి, పాములు వచ్చేవి. ఒకరి ఇంట్లో బిందె పోయింది. అయినా వెయ్యలేదు.

సిస్టరమ్మకు గురువారం మా ఊళ్ళో వైద్యం. అందుకని బుధవారం సాయంత్రమే వచ్చి షెల్టరులో పడుకునేది. అందరం పడుకున్నాక చిన్న లాంతరు పట్టుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేది. ఎవరినీ పలకరించేది కాదు. నేను నిద్రపోకుండా చూసేదాన్ని. వేసి ఉన్న తలుపులు లెక్కపెట్టుకునేది. ఒకరోజు అడిగాను, ఏం లెక్కపెడుతున్నావని. “ఇవాళ ఎంతమంది నిద్రపోతున్నారో చూస్తున్నా” అంది.

తలుపు వేసుకోమని మాత్రం ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. మొదట వేసినవాళ్ళు కొత్తగా పెళ్ళయినవాళ్ళు. దాని మీద ఊళ్ళో నవ్వులు కూడా. తర్వాత పసిబిడ్డలు ఉన్నవాళ్ళు, చలిగాలికి. మే నెలలో వాయుగుండం అన్నారు, మళ్ళీ అందరూ బయటికి వచ్చేశారు. ఆ నెలంతా ఆమె లాంతరు పట్టుకుని నడుస్తూనే ఉంది, ఒక్క తలుపూ వేసి లేకపోయినా.

61 సంగతి అడిగారు. ఆ ఒక్కటీ మాదే. మా నాయనమ్మ ఆ తలుపును వడ్రంగి చేత ఊడదీయించి శ్లాబు మీదికి ఎక్కించింది. నీళ్ళు వస్తే పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టాలని, రెండు తాళ్ళు కూడా కట్టి ఉంచింది. గుమ్మానికి గోనెపట్టా వేలాడదీసింది. మా అమ్మకు సిగ్గుగా ఉండేది, ఊరందరి ముందూ. సిస్టరమ్మ వచ్చి చూసింది. నాయనమ్మను ఒక్క మాట అనలేదు. శ్లాబు మీదికి ఎక్కి ఆ తాళ్ళు లాగి చూసి, ఒక ముడి వదులుగా ఉంటే బిగించి దిగింది.

ఇటుకరాయి

అమ్మా, ఆ తలుపులు లోపలికి తెరుచుకునేవా, బయటికా?

నీలవేణి

లోపలికి బాబూ.

ఇటుకరాయి

మేము గీసిన నమూనాలో అలాగే ఉంది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు.

సూటిగా

చదివాను.

పాతపెట్టె

నీలవేణి గారూ, అమ్మకు మీ మాటలు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. పెద్దమ్మ ఇంటికి వచ్చినప్పుడల్లా రాత్రి అందరూ పడుకున్నాక లేచి తిరిగేదట, పెద్దతనం వల్ల నిద్ర పట్టక అనుకున్నాం మేమంతా.

మీకు అభ్యంతరం లేకపోతే ఒకసారి మీ ఊరు రావాలని ఉంది. ఆ నోటుపుస్తకం కూడా తెస్తాను. ఆ తలుపు ఏమైంది?

నీలవేణి

నాయనమ్మ పోయినప్పుడు ఆమెను దాని మీదే పడుకోబెట్టాం. తర్వాత మా తమ్ముడు కాళ్ళు కొట్టించి పశువుల కొట్టం దగ్గర వేశాడు. ఇప్పుడు దాని మీద దాణా బస్తాలు ఉంటాయి. గడియ ఉన్న చోట నాలుగు మేకుల చిల్లులు కనిపిస్తాయి. రండి. పులిగడ్డ దాటాక మా అబ్బాయికి ఫోను చేయండి, బండి వేసుకుని వస్తాడు. దారి బాగానే ఉంది గానీ చీకటి పడకముందే చేరేట్టు బయలుదేరండి.